రగ్గులు, బొంతలు ఇంట్లోనే ఉతకడం: ఇన్నేళ్ల వాడకంలో నిలిచిన చిట్కాలు

మాది 7 కిలోల టాప్ లోడ్ మెషీన్. ఆ లెక్క పొడి బట్టలది. ఇద్దరు కప్పుకునే మింక్ రగ్గు నాలుగైదు కిలోలే తూగుతుంది కదా, పట్టాలి. పట్టదు. కూరి కూరి వేస్తే డ్రమ్ములో తిరగడానికి చోటుండదు. పైపొర తడుస్తుంది, మడతల్లో సబ్బు పొడి ముద్దగా మిగులుతుంది. అందుకే మా ఇంట్లో రగ్గు ఉతికే పని కాళ్లది, పిండే పని మెషీన్‌ది.

వెడల్పాటి టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోసి, సబ్బు లిక్విడ్ కలిపి, గంటసేపు నానబెట్టి తొక్కాలి. మొదటి విడత నీళ్లు పలచటి టీ రంగులో దిగుతాయి. శుభ్రంగా ఉందనుకున్న రగ్గే సుమా! మాది బోరు నీరు కావడంతో సబ్బు నురగ రాకుండా తెల్లటి తెట్టులా బట్టకు అంటుకుంటుంది. ముందుగా కొంచెం బట్టల సోడా కరిగిస్తే ఆ బాధ తప్పుతుంది. ఉన్నికి మాత్రం సోడా పడదు, క్షారం పీచును కొరికేస్తుంది. కంబళ్లకు చల్లటి నీళ్లు, కుంకుడు రసం చాలు. రసాన్ని పలచటి గుడ్డలో వడకట్టండి, లేకపోతే పిప్పిని ఉన్నిలోంచి ఒక్కొక్కటిగా ఏరుకోవాలి.

పిండే ముందు రగ్గును పిట్టగోడ మీద వేసి నీళ్లు ఓడ్చాలి. తర్వాత దాన్ని డ్రమ్ము గోడ చుట్టూ, నడుమ ఖాళీ ఉండేలా చుట్టగా పేర్చాలి. ఉండ చేసి ఒక పక్కన పడేస్తే మెషీన్ ధడధడమని ఊగి ఆగిపోతుంది. నీళ్లు దిగని పరుపు కవర్లు, పసిపిల్లల రబ్బరు షీట్లు మాత్రం స్పిన్‌లో వేయవద్దు. వాటిలో నీరు నిలిచి బరువు ఒక్కసారిగా ఒక వైపుకు ఒరుగుతుంది, అది ప్రమాదం.

అందరూ చెప్పే టెన్నిస్ బంతుల చిట్కా డ్రయర్లో ఈకల బొంతలకు పనికొస్తుందేమో గానీ, మా మెషీన్లో మోత తప్ప ఒరిగిందేమీ లేదు. చివరి జాడింపులో అర కప్పు వెనిగర్ పర్వాలేదు, సబ్బు వాసన తగ్గుతుంది. బ్లీచింగ్‌తో మాత్రం కలపకండి, విషవాయువు పుడుతుంది.

అసలు పరీక్ష ఆరబెట్టడంలోనే. ఒకే దండెం మీద వేస్తే నడిమి మడత మర్నాటికీ చెమ్మగానే ఉండి ముక్కవాసన వేస్తుంది. అడుగు ఎడంతో రెండు తాళ్లు కట్టి వాటి మీదుగా పరిస్తే లోపలికి గాలి ఆడుతుంది. నాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చిన చిట్కా ఇదే, ఖర్చు ఒక తాడు. పాత చీరల బొంతలైతే, ముదురు రంగు ముక్కను తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు వదులుతుందో లేదో ముందే చూసుకోండి. బూరుగు దూది పరుపులకు, దిండ్లకు నీళ్లే తగలనివ్వకండి, దూది ఉండలు కడుతుంది. ఎండలో వేసి కర్రతో దులిపితే సరి.

నడుం నొప్పి ఉన్నవాళ్లకు ఈ తొక్కుడు పద్ధతి పనికిరాదు. తడిసిన రగ్గును డాబా ఎక్కించడానికి రెండో మనిషి కావాలి. వానాకాలంలో నేను కూడా లాండ్రీకే వేస్తాను.