ద్వారకానగర్ డేటాబేస్ సర్వీసు: గాజువాక గోడౌన్ నుంచి మా సర్వర్‌కు మళ్లీ దారి దొరికింది

మాది ఆటో స్పేర్ పార్టుల హోల్‌సేల్ వ్యాపారం. విశాఖపట్నంలో కొట్టు డాబాగార్డెన్స్‌లో, గోడౌన్ గాజువాక ఆటోనగర్‌లో ఉన్నాయి. రేట్లు, బాకీలు, స్టాకు లెక్కలన్నీ కొట్టులోని ఒక కంప్యూటర్‌లో ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ (మైక్రోసాఫ్ట్ వారి ఉచిత డేటాబేస్ సాఫ్ట్‌వేర్) డేటాబేస్‌గా ఉంటాయి; గోడౌన్‌లోని కంప్యూటర్ ఇంటర్నెట్ మీదుగా దానికే కనెక్ట్ అయి బిల్లులు వేస్తుంది. ఒకే వారంలో కంప్యూటరూ, ఇంటర్నెట్ లైనూ రెండూ మార్చాము. ఆ మరుసటి రోజు నుంచి గోడౌన్‌లో ఎర్రర్ 26 (సర్వర్ దొరకడం లేదని దాని అర్థం) తప్ప మరేమీ కనిపించలేదు. పన్నెండు రోజులపాటు గోడౌన్ చూసుకునే అబ్బాయి ప్రతి ఆర్డరుకూ ఫోన్ చేసి, "అన్నా, ఈ క్లచ్ ప్లేటు రేటెంత, ఆ పార్టీ బాకీ ఎంతుంది?" అని అడిగి అట్టపెట్టె మూత మీద రాసుకునేవాడు. రాత్రి తొమ్మిదింటికి ఆ మూతలు కొట్టుకు వచ్చాకే బిల్లులు ఎక్కేవి.

మొదట వేరొకరిని పిలిచాము. ఆయన రాగానే బయటి కనెక్షన్లను అడ్డుకునే విండోస్ ఫైర్‌వాల్‌ను పూర్తిగా ఆపివేసి, రూటర్‌లో 1433 పోర్టును (ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు మామూలుగా వాడే తలుపు నంబరు) బయటికి తెరిచి, అప్పటికీ ఎర్రర్ పోకపోవడంతో సాఫ్ట్‌వేరే పాడైందని, మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలని చెప్పి వెళ్లిపోయారు. ఫైర్‌వాల్‌ను తిరిగి ఆన్ చేయలేదు. ఆ తరువాత తెలిసినవారు చెప్పగా ద్వారకానగర్‌లోని ఈ సర్వీసుకు ఫోన్ చేశాము.

వచ్చిన ఇద్దరిలో పెద్దాయన ముందుగా బ్యాకప్ ఉందా అని అడిగారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఊరిని తాకిన నాటి నుంచి ఒక కాపీని ఇంటి దగ్గర కూడా ఉంచడం మాకు అలవాటు కనుక ఆ ప్రశ్న నాకు నచ్చింది. ఆ తరువాత ఆయన, "ఏదీ మార్చొద్దండీ, కనెక్షన్ ఎక్కడ ఆగిపోతోందో ముందు చూద్దాం" అన్నారు. నేను ఇచ్చిన డబ్బుకు అసలు విలువ ఆ మాటలోనే ఉంది.

సర్వర్ కంప్యూటర్ మీదే ప్రోగ్రాం తెరిస్తే చక్కగా పనిచేస్తోంది. అందువల్ల డేటాబేస్ బాగానే ఉందని, తప్పంతా ఇంటర్నెట్‌దేనని మేము అనుకుంటూ వచ్చాము. ఒకే కంప్యూటర్‌లో ఉన్న ప్రోగ్రాం, సర్వర్ షేర్డ్ మెమరీ ద్వారా మాట్లాడుకోగలవని, అందులో నెట్‌వర్క్ ప్రసక్తే ఉండదని, కనుక అక్కడ పనిచేసినంత మాత్రాన బయటివారికి తలుపు తెరిచి ఉన్నట్టు కాదని ఆయన ఓపికగా వివరించారు. పక్క కౌంటర్ కంప్యూటర్ నుంచి పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్ కమాండుతో 1433 పోర్టును పరీక్షిస్తే క్షణంలో ఫెయిల్ అయింది. గోడౌన్ నుంచి అదే కమాండు ఇస్తే చాలాసేపు ఏ జవాబూ లేకుండా నిలిచిపోయి, ఆ తరువాత ఫెయిల్ అయింది. మా కంటికి రెండూ ఒకే ఫలితం. ఆయన మాత్రం, వెంటనే కాదన్నారంటే కంప్యూటర్ వరకు వెళ్లగలిగాము గానీ అక్కడ వినేవారు లేరని, ఎంతకూ పలకలేదంటే అసలు అక్కడికి చేరనే లేదని చెప్పి, ఇవి రెండు వేర్వేరు జబ్బులని తేల్చారు.

మొదటిది పది నిమిషాల్లో నయమైంది. ఎక్స్‌ప్రెస్ ఎడిషన్‌ను కొత్తగా వేసినప్పుడు టీసీపీ/ఐపీ, అంటే నెట్‌వర్క్ మీదుగా వచ్చే కనెక్షన్లను తీసుకునే పద్ధతి, ఆపి ఉంటుంది. సర్వర్ సెట్టింగులుండే కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో దానిని ఆన్ చేసి, పోర్టు నంబరు మారిపోగలిగే డైనమిక్ పోర్టు గడిని ఖాళీ చేసి, 1433ను స్థిరంగా ఇచ్చి, సర్వీసును రీస్టార్ట్ చేశారు. ఫైర్‌వాల్‌ను తిరిగి ఆన్ చేసి, ఆ ఒక్క పోర్టుకు మాత్రమే అనుమతి పెట్టారు. సర్వర్ పేరు రాసే చోట ఐపీ అడ్రస్, కామా, 1433 అని రాయగానే పక్క కౌంటర్‌లో బిల్లు తెరుచుకుంది.

రెండవదే అసలైన చిక్కు. రూటర్‌లో కనిపించే బయటి అడ్రస్ 100.64తో మొదలవుతోంది, ఇంటర్నెట్‌లో వెతికితే మా అడ్రస్‌గా మరొకటి కనిపిస్తోంది. కొత్త లైనులో మాకు సొంత పబ్లిక్ ఐపీ (బయటి నుంచి నేరుగా చేరగలిగే ఇంటర్నెట్ అడ్రస్) లేదని, ఎందరో కస్టమర్లతో కలిసి ఒకే అడ్రస్‌ను పంచుకుంటున్నామని దీని అర్థం. అలాంటప్పుడు మా రూటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా బయటివారు లోపలికి రాలేరు. ఫైర్‌వాల్ ఆపి, పోర్టు తెరిచి ఉంచిన ఆ రోజుల్లో ఆ అడ్డుగోడే మమ్మల్ని కాపాడిందని తెలిసినప్పుడు నాకు నిజంగా భయం వేసింది. 2003 జనవరి 25న స్లామర్ అనే వార్మ్ (తనంతట తానే వ్యాపించే హానికర ప్రోగ్రాం) ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోని లోపాన్ని పట్టుకుని, యూడీపీ 1434 పోర్టు మీదుగా నిమిషాల్లో ప్రపంచమంతా పాకిందని, ఆ లోపాన్ని సరిచేసే ప్యాచ్ ఆరు నెలల ముందే వచ్చి ఉన్నా చాలామంది వేసుకోలేదని ఆయన గుర్తుచేశారు.

అందుకే డేటాబేస్ పోర్టును ఇంటర్నెట్‌కు తెరవబోమని వారు ఖచ్చితంగా చెప్పారు. కొట్టు లైనుకు స్టాటిక్ ఐపీ (మారని సొంత పబ్లిక్ అడ్రస్) మాచేత తీసుకునేలా చేసి, కొట్టుకూ గోడౌన్‌కూ మధ్య వైర్‌గార్డ్ వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగానే ఇతరులకు కనపడకుండా నడిచే రహస్య దారి) అమర్చి, 1433 పోర్టుకు కొట్టులోని కంప్యూటర్లు, వీపీఎన్ అడ్రస్‌లు తప్ప మరెవరూ చేరకుండా కట్టుదిట్టం చేశారు. రెండు చోట్లకూ కలిపి ₹3,500 తీసుకున్నారు. స్టాటిక్ ఐపీ ఖర్చు దీనికి అదనం.

లోటు లేదని చెప్పను. చేసిన మార్పులన్నీ కాగితం మీద రాసి ఇమ్మంటే మూడు రోజులు పట్టింది, అదీ రెండుసార్లు గుర్తుచేశాక. ఇటువంటి పనిలో ఆ కాగితం బిల్లుతో పాటే చేతికి రావాలి. వీపీఎన్ మీద నెల స్టాకు రిపోర్టు తీస్తే ఇప్పటికీ నెమ్మదిగానే వస్తోంది. బిల్లింగ్ ప్రోగ్రాం ఒక్కొక్క వరుస కోసం సర్వర్‌కు వెళ్లి రావడమే ఇందుకు కారణమని, కనెక్షన్‌ను ఎంత సరిచేసినా అది మారదని వారు దాచకుండా చెప్పి, ఆ ఒక్క రిపోర్టుకు రిమోట్ డెస్క్‌టాప్ (కొట్టు కంప్యూటర్ తెరనే గోడౌన్ నుంచి చూస్తూ పనిచేయడం) వాడమని సూచించారు. మేము అలాగే చేస్తున్నాము. బిల్లులు మాత్రం గోడౌన్‌లోనే, లారీ ఎక్కించే సమయానికే తయారవుతున్నాయి. వీరిని పిలిచేవారు ఫోన్‌లోనే ఎర్రర్ నంబరు చెప్పి, రూటర్ పాస్‌వర్డును దగ్గర ఉంచుకోగలిగితే మంచిది. మా దగ్గర ఆ పాస్‌వర్డు వెతకడానికే అరగంట పోయింది.