కుకింగ్ మామా కొనేవారికి హెచ్చరిక: ఒకసారి ఆర్పి, మళ్ళీ వెలిగించి చూపించమని అడగండి

"చూడమ్మా, ఇంట్లో నిజం వంట చేసుకో, ఈ వయసులో నీకీ బొమ్మవంట ఎందుకు?" అని నిన్న రాత్రి ఫోనులో నాతో అన్న మనిషే, నాకీ వంట వీడియోగేము అమ్మినవాడే, సరిగ్గా పన్నెండు రోజుల క్రితం "మేడమ్, మీలాంటి అభిరుచి ఉన్నవాళ్ళకే ఇలాంటివి ఇవ్వాలనిపిస్తుంది" అని కూడా అన్నాడు. మధ్యలో జరిగిందల్లా నా ఖాతా నుంచి అతని ఖాతాకు ఏడు వేల ఐదు వందల రూపాయలు వెళ్ళడమే. "మేడమ్, మీరు" అన్న పిలుపు "అమ్మా, నువ్వు"గా దిగడానికి ఎంత ఖర్చవుతుందో నాకిప్పుడు పైసాలతో సహా తెలుసు.

అతనెవరో పేరు చెప్పను. పాత వీడియోగేములు కొనే మనలో చాలామంది అతన్ని "అన్నా" అనే పిలుస్తారు కనుక మీకు అర్థమయ్యే ఉంటుంది. నాకు కావలసింది నింటెండో డీఎస్ (మూత తెరిస్తే రెండు తెరలుండే చేతి గేమ్ యంత్రం) కోసం 2006లో వచ్చిన వంట ఆట, మొదటి కుకింగ్ మామా. నింటెండో తరువాతి యంత్రం స్విచ్ కోసం 2020లో వచ్చిన కుకింగ్ మామా చుట్టూ, దాని విడుదలకు తాము ఆమోదమే తెలపలేదని హక్కులున్న జపాన్ సంస్థ ప్రకటించేంత గొడవ నడిచింది కాబట్టి, ఆ జోలికి పోకుండా పాతదే నయమనుకున్నాను. ఒక డీఎస్ లైట్ (డీఎస్‌లోనే చిన్న రకం), దానితో ఒరిజినల్ గేమ్ కార్డు (మనం చిన్నప్పుడు క్యాసెట్ అనేదే) కలిపి ఇస్తానన్నాడు. వీడియో పంపాడు, నేను డబ్బు పంపాను, విశాఖకు పార్సిల్ వచ్చింది. ఇంతవరకు కథలో తప్పెవరిదీ కాదు, నా తొందరపాటుది తప్ప.

ఆట గురించి న్యాయంగా చెప్పాలి, ఎందుకంటే మోసం చేసింది మనిషే గాని ఆట కాదు. మొదటి మూడు రోజులు మా ఇంట్లో పండుగే. మా అమ్మాయి కోసం తెప్పించాను గాని, దాన్ని వశం చేసుకున్నది మా అమ్మ. డెబ్బై ఏళ్ళ మనిషి, ఇంగ్లీషు చదవలేదు. అయినా ఆవిడకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోవడమే ఈ ఆటలోని గొప్పతనం. కింది తెరమీద ఉల్లిపాయ ఉంటుంది, ఎటు గీయాలో గుర్తు కనిపిస్తుంది, స్టైలస్‌తో (అమ్మ దాన్ని "పుల్ల" అంటుంది) గీస్తే ముక్కలవుతుంది. గుండ్రంగా తిప్పితే గిన్నెలో పిండి కలుస్తుంది. బియ్యం కడగడం, గుడ్డు పగలగొట్టడం, మంట పెంచి తగ్గించడం, మాంసం ముద్ద చేయడం, ఇవన్నీ చేతికి తెలిసిన పనులే కావడంతో, ఏ బటన్ ఏమిటో నేర్చుకునే అవస్థ పెద్దవాళ్ళకు ఉండదు. ఒక్కో పని కొద్ది సెకన్లలో అయిపోతుంది. కుక్కర్ మూడు విజిళ్ళు వేసేలోగా ఒక వంటకం పూర్తి చేయవచ్చు.

రెండో గొప్పతనం ఆ మామా (ఆటలో మన చేత వంట చేయించే అమ్మ) స్వభావం. మనం ముక్కలు వంకరగా కోసినా, కూర మాడ్చినా ఆవిడ కళ్ళలో మంటలు లేస్తాయి గాని ఆట అక్కడితో ఆగిపోదు. తాను సరిచేస్తానని చెప్పి తరువాతి పనికి పంపేస్తుంది, పతకం మాత్రం తగ్గుతుంది. బాగా చేస్తే బంగారం, లేకపోతే వెండి, ఇంకా తక్కువైతే కంచు. పొరపాటు చేసిన పిల్ల ఏడవదు, పొరపాటు చేసిన అమ్మమ్మ పుల్ల విసిరేయదు.

లోపాలు కూడా చెప్పాలి, ఎందుకంటే "ఎన్నేళ్ళాడినా తరగదు మేడమ్" అన్నది అతని మాటల్లో మొదటి అబద్ధం. ఇందులో ఉన్నవి 76 వంటకాలు. అవి ఒక్కొక్కటిగా తెరుచుకుంటాయి గాని, పని చూస్తే కోయడం, తరగడం, కలపడం, వేయించడం అనే నాలుగైదే మళ్ళీ మళ్ళీ వస్తాయి. ముప్పై వంటకాలు దాటేసరికి చేతికి కొత్తదేమీ తగలదు. రెండు వంటకాలను జతచేసి కొత్తది చేసే విభాగం, ఒకే పనితో పోటీ పడే విభాగం ఉన్నాయి గాని, అవి పాత పనినే వేరే పళ్ళెంలో వడ్డిస్తాయి. కథ లేదు, వంటగది మారదు. వంట నేర్చుకుందామని కొనేవారికి మరీ నిరాశ, ఎందుకంటే ఇక్కడ మార్కులు చేతి వేగానికీ గీత తిన్నగా ఉండడానికీ పడతాయి గాని, ఎంత ఉప్పు, ఎంత నీరు అన్నదానికి కాదు. జపాను కూర వండుతూ మా అమ్మ రెండు సార్లు ఆగి "పోపు ఎప్పుడే?" అని అడిగింది. లేదమ్మా, పోపు లేదు.

ఇక అసలు విషయం. డీఎస్ మూత వేస్తే అది ఆరిపోదు, నిద్రపోతుంది. పక్కనున్న చిన్న దీపం మెల్లగా వెలిగి ఆరుతూ ఉంటుంది. మూత తెరిస్తే ఆట ఆపిన చోటే ఉంటుంది. మూడు రోజులు మేము మూత వేశామే గాని స్విచ్చి ఆర్పలేదు. మూడో రోజు రాత్రి బ్యాటరీ పూర్తిగా అయిపోయి అదే ఆరిపోయింది. చార్జింగ్ పెట్టి వెలిగించేసరికి అమ్మ సంపాదించిన పతకాలన్నీ మాయమై, ఆట మొదటి వంటకాల దగ్గర కొత్తగా నిలబడి ఉంది. "నేనేమైనా నొక్కేశానా?" అని ఆవిడ నావైపు భయంగా చూసిన చూపు నాకు డబ్బుకన్నా ఎక్కువ బాధ కలిగించింది.

అతనికి ఫోను చేశాను. అప్పటికింకా "మేడమ్"నే. "పాత క్యాసెట్ కదా మేడమ్, లోపల బ్యాటరీ అయిపోయి ఉంటుంది, గడియారాల షాపులో వేయిస్తారు" అన్నాడు. ఇక్కడ నా తెలివిని మెచ్చుకోండి. ఇంజినీరింగ్ చదివిన నేను మరునాడు మధ్యాహ్నం ఎండలో డాబా గార్డెన్స్ దాకా వెళ్ళి, ఇద్దరు గడియారాల రిపేరువాళ్ళకు ఆ కార్డు చూపించి, వాళ్ళ చేత నవ్వించుకుని వచ్చాను. బ్యాటరీతో గుర్తుపెట్టుకునేవి అంతకుముందు తరం గేమ్‌బాయ్ క్యాసెట్లలో కొన్ని. డీఎస్ కార్డులో ఆట వివరాలు లోపలి మెమరీ చిప్‌లోనే ఉంటాయి, దానికి బ్యాటరీ అవసరం లేదు, ఉండదు కూడా. ఇరవై ఏళ్ళుగా ఇవే అమ్ముతున్నానని చెప్పుకునే మనిషికి ఈ విషయం తెలియదంటే నేను నమ్మను. మిత్రుడి దగ్గరున్న అసలు కార్డు పక్కన పెట్టి చూస్తే నాది నకిలీ అని ఇట్టే తెలిసిపోయింది. అసలు దాని వెనుక ప్లాస్టిక్‌లోనే కంపెనీ పేరు అచ్చు ఉంది, నా కార్డు వెనుక నున్నగా ఉంది. అసలు దాని స్టికర్ మీద అక్షరాలు పదునుగా ఉన్నాయి, నాదాని మీద తడిసిన పెళ్ళిపత్రికలా అలుక్కుపోయి ఉన్నాయి.

అప్పుడు అతను పంపిన వీడియోను మళ్ళీ చూశాను. పన్నెండు రోజుల క్రితం పదిసార్లు చూసి మురిసిపోయిన వీడియోనే. అందులో పతకాలు చూపించాడు, నిజమే. కాని ఒక్కసారి కూడా ఆర్పి వెలిగించలేదు. అంతకన్నా ఘోరం ఇంకొకటి ఉంది. ఈ ఆటలో కొన్ని చోట్ల వేడి చల్లార్చడానికి మైకులోకి నోటితో ఊదాలి. మా దగ్గరికి వచ్చిన డీఎస్‌లో మైకు పనిచేయదు. అమ్మ ఎంత ఊదినా మామా కళ్ళలో మంటలే గాని చల్లారడం లేదు, మేమేమో ఊదడం రాక అనుకున్నాము. వీడియోలో సరిగ్గా ఊదవలసిన చోట దృశ్యం తెగి, తరువాతి వంటకం మొదలవుతుంది. పోపు డబ్బాలో ఆవాలు ఏవో మెంతులు ఏవో తెలిసినంత స్పష్టంగా అతనికి ఆ లోపం తెలుసు.

ఇవన్నీ నిన్న రాత్రి అడిగాను. ఒక్క క్షణం మౌనం తరువాత "మీరే ఊది ఊది తడి పంపి మైకు పాడుచేశారు" అన్నాడు. ఊదమని చెప్పేది ఆటే కదా అన్నాను. అప్పుడొచ్చింది ఆ మాట: "చూడమ్మా, ఇంట్లో నిజం వంట చేసుకో, ఈ వయసులో నీకీ బొమ్మవంట ఎందుకు?" నా వయసు ముప్పై తొమ్మిది. వెనుక ఎవరో నవ్వారు కూడా. కార్డు నకిలీ అంటే ఒప్పుకోలేదు, డబ్బు తిరిగిమ్మంటే వినలేదు, చివరికి రెండో భాగం కార్డు సగం ధరకు ఇస్తాను తీసుకొమ్మన్నాడు. ఒకే గోతిలో రెండోసారి దూకడానికి నాకు రాయితీ అన్నమాట. నేను కాదనగానే ఫోను పెట్టేసి, నా నంబరు అడ్డుకున్నాడు.

మగవాడు ఇదే ఫిర్యాదు చేసి ఉంటే "నిజం వంట చేసుకో" అనేవాడా అన్న ప్రశ్న నన్ను రాత్రి రెండింటి దాకా నిద్రపోనివ్వలేదు. నాకు జవాబు తెలుసు, మీకూ తెలుసు.

కొనాలనుకునేవారు ఇంతమాత్రం చేయండి. ఒక వంటకం పూర్తి చేసి, స్విచ్చి ఆర్పి, మళ్ళీ వెలిగించి పతకం చూపించమనండి, అదంతా ఎక్కడా తెగని ఒకే వీడియోలో ఉండాలి. మైకులోకి ఊదించండి. కార్డు ముందూ వెనకా దగ్గరగా ఫొటోలు అడగండి. కింది తెరను ఏటవాలు వెలుతురులో చూపించమనండి, ఈ ఆట ఎక్కువగా ఆడిన తెరమీద గుండ్రటి గీతలు పడతాయి. డబ్బంతా ముందే పంపకండి. నేను పంపాను.

డీఎస్ వెనక్కి పంపాలని పెట్టెలో సర్దబోతే అమ్మ ఒప్పుకోలేదు. నిన్నటి నుంచి మళ్ళీ మొదటి నుంచి ఆడుతోంది. ఇప్పుడు దాన్ని ఎవరూ ఆర్పకూడదని ఇంట్లో కట్టడి. మూత వేసి దిండు పక్కనే పెట్టుకుని పడుకుంటుంది, ఆకుపచ్చ దీపం ఎర్రబడితే చాలు, అర్ధరాత్రైనా "చార్జరు తేవే" అని నన్ను లేపుతోంది. నేను ఇది రాస్తున్నప్పటికి పదకొండు బంగారు పతకాలయ్యాయి.