టొమాలెస్ బే: ఒక తెడ్డు, రెండు ప్రయాణాలు

శాన్‌ఫ్రాన్సిస్కో దాటి ఉత్తరానికి వెళ్తే టొమాలెస్ బే, నేలలోకి చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపు పాయ. పొడవు దాదాపు 15 మైళ్లు, వెడల్పు మైలు. భూమి పలకలు ఒరుసుకునే శాన్ ఆండ్రియాస్ భ్రంశం (పగులు) మీద గీత గీసినట్టు ఉంటుంది.

కిందటేడు అద్దె కయాకుల్లో, అంటే తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవల్లో వెళ్లాం. టొమాలెస్ పాయింట్ వైపు టూలీ ఎల్క్‌లు (పెద్ద జింకలు) కనిపించేసరికి తెడ్డు ఒళ్లో పెట్టుకుని ఫోన్ తీశాను. గాలి ఒక్క తోపు తోసింది, తెడ్డు జారి నీళ్లలో పడింది. చేతులతో నీళ్లు తోస్తే పడవ తిరుగుతుందే గానీ ముందుకు పోదు. మా ఆవిడే తన పడవలో వెంటపడి తెచ్చిచ్చింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ ఇప్పటికీ అదే కథ.

అద్దె పడవలకి వంక పెట్టను, లైఫ్ జాకెట్లూ శుభ్రంగా ఉన్నాయి. తెడ్డు కట్టే తాడు ఉండాల్సిన చోట మాత్రం రెండు ఖాళీ బెజ్జాలున్నాయి.

ఈసారి పాత ప్లాస్టిక్ కయాక్ ఒకటి కొని, తెడ్డు కట్టే ఏర్పాటు నేనే చేశాను. డెక్ మీద ఒక పక్క తాడు దూర్చే చిన్న కన్ను, దానికి జానెడు దూరంలో ప్లాస్టిక్ కొక్కెం. కన్నులోంచి రబ్బరు తాడు ఉచ్చు. తెడ్డు కర్ర మీదుగా లాగి కొక్కేనికి తగిలిస్తే సరి. ఉచ్చు కొసకి పెద్ద పూస గుచ్చాను, చలికి కొంకర్లు పోయిన వేళ్లకి అది దొరుకుతుంది. స్క్రూలు స్టెయిన్‌లెస్‌వే వాడాలి, ఉప్పునీళ్లు మామూలువాటిని తినేస్తాయి. లోపల వెడల్పు వాషరు, బెజ్జం చుట్టూ సిలికాన్. మొదట తొందరపడి తెడ్డు వేసే దారిలోనే బిగించి, పిడికిలి దోక్కుపోయాక ఇంకాస్త ముందుకి జరిపాను. మీరు ముందే కూర్చుని, తెడ్డు ఆడించి చూసుకుని గుర్తు పెట్టుకోండి.

బసకి నా ఓటు పడమటి గట్టు ఇసుకకే. అక్కడికి పడవలో వెళ్లి గుడారం వేసుకోవాలంటే ముందే పర్మిట్ తీసుకోవాలి, మరుగుదొడ్డి లేని బీచిలకి పోర్టబుల్‌ది మోసుకెళ్లాలి. రెండో రాత్రి ఊళ్లో మోటెల్: వేడినీళ్లు బ్రహ్మాండం, రేటు చూస్తే గుండె గుభేలు.

మధ్యాహ్నం వాయవ్యపు గాలి లేస్తుంది. మిల్లర్ రేవు నుంచి దక్షిణానికి వెళ్తే తిరుగు ప్రయాణం దానికి ఎదురే. పొద్దున్నే బయల్దేరాం. సగం దారిలో తెడ్డు కొక్కేనికి తగిలించి, రెండు చేతులతో తీరిగ్గా పులిహోర డబ్బా విప్పాను.