మామూలు కీమోనా, ట్రయలా?

మహబూబ్‌నగర్‌ల మా పెద్దమ్మకు రొమ్ము క్యాన్సర్ అని తేలినంక డాక్టర్ రెండు దారులు చెప్పిన్రు: మామూలు కీమో, లేకుంటే కొత్త మందు ఎట్ల పనిచేస్తదో రోగుల మీద చూసే ట్రయల్.

మామూలు కీమో మందుల మంచిచెడ్డలు తెలిసినవే, ఆరోగ్యశ్రీ కూడా ఉంది. ట్రయల్‌ల కొత్త మందుకు పైసలు తీసుకోరు గానీ, కొత్త మందు ఇచ్చే గుంపుల పడతమో, ఇయ్యని గుంపుల పడతమో చీటీ తీసినట్టే.

"నాకు మందు లేని ఉత్త గోలీ ఇస్తరా బిడ్డా?" అన్నది పెద్దమ్మ. క్యాన్సర్ ట్రయళ్లల మామూలుగ అట్ల చెయ్యరు. రెండో గుంపుకు ఇప్పుడున్న వైద్యమే ఇస్తరు. ట్రయళ్ల మీద కేంద్రం 2019ల తెచ్చిన నిబంధనల ప్రకారం, ట్రయల్‌తోని హాని అయితే వైద్యం ఉచితం. ఎప్పుడైనా తప్పుకోవచ్చు. చదువు రానోళ్లకు సాక్షి ముందట సమ్మతి పత్రం చదివి వినిపించి, అప్పుడే వేలిముద్ర తీసుకోవాలె.

నన్నడిగితే, అసలు తేడా బస్సుల ఉంది. ట్రయల్ హైదరాబాద్‌ల, కీమో ఇక్కడనే. రక్తపరీక్షకు జడ్చర్ల, షాద్‌నగర్ దాటుకుంట, ఒళ్లో వాంతికి కవరు పట్టుకొని ఎన్నిసార్లు పోతది? ట్రయల్ ఇక్కడనే ఉంటే చేరమనేటోణ్ణి.