అవుననే ఆధారమా, కాదనే ఆధారమా: సరిచూసుకోవడానికి ఏది మేలు?

"నురగ బాగా వస్తోంది, అంటే మురికి బాగా వదులుతుంది." "ఘాటు వాసన కొడుతోంది, అంటే క్రిములు చస్తాయి." ఇంట్లో వాడే సరుకుల గురించి ఇలాంటి నిర్ధారణలకు రోజూ వస్తూనే ఉంటాం. వాటిని సరిచూసుకోవడానికి రెండు దారులున్నాయి. మన మాటకు వంతపాడే ఉదాహరణలు ఇంకొన్ని పోగేసుకోవడం ఒకటి. మన మాట తప్పైతే ఎక్కడ బయటపడుతుందో సరిగ్గా అక్కడికే వెళ్లి చూడడం రెండోది. తర్కశాస్త్రంలో అన్వయం, వ్యతిరేకం అనేవి వీటికి దగ్గరగా ఉంటాయి. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందనడం అన్వయం. నిప్పు లేనిచోట పొగ కూడా లేదని చూపడం వ్యతిరేకం.

మొదటి దారి తేలిక. నురగ వచ్చిన ప్రతిసారీ గిన్నె శుభ్రపడింది కదా అనిపిస్తుంది. కానీ అక్కడ నురగతో పాటు జిడ్డును విడదీసే రసాయనం ఉంది, నీళ్లున్నాయి, చేత్తో తోమడం ఉంది. ఘనత ఎవరిదో ఎలా తేలుతుంది? నురగ లేనిచోటికి వెళ్తే తేలుతుంది. ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్ల డిటర్జెంట్లలో నురగను కావాలనే తగ్గిస్తారు. అయినా బట్టలు శుభ్రంగానే వస్తాయి. ఈ ఒక్క సంగతి ముందు వంద నురగ గిన్నెలు కూడా నిలబడవు.

1966లో మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ వేసన్ నాలుగు కార్డులతో ఒక చిక్కుప్రశ్న పెట్టాడు. దాన్ని సీసాలతో అడుగుతాను. "ఆమ్లం ఉన్న ప్రతి సీసా వెనకా హెచ్చరిక గుర్తు ఉంటుంది" అనేది నియమం. రెండు సీసాల ముందువైపు మాత్రమే కనిపిస్తోంది: ఒకదాని మీద ఆమ్లమనీ, ఇంకోదాని మీద సబ్బు నీళ్లనీ ఉంది. మిగతా రెండింటి వెనకవైపే కనిపిస్తోంది: ఒకదానికి గుర్తుంది, ఒకదానికి లేదు. నియమం నిజమో కాదో తేల్చాలంటే వేటిని తిప్పి చూడాలి? ఆమ్లం సీసానూ గుర్తున్న సీసానూ తిప్పాలనిపిస్తుంది. కానీ గుర్తున్న సీసాలో ఏమున్నా నియమానికి వచ్చిన నష్టమేమీ లేదు. తిప్పాల్సింది ఆమ్లం సీసానూ, గుర్తు లేని సీసానూ: గుర్తు లేనిదాని ముందువైపు ఆమ్లమని ఉంటే నియమం తప్పినట్టే. చేయి అటు పోకపోవడమే అసలు సమస్య.

వంటసోడా, వెనిగర్ కలిపి పోస్తే బుసబుసమని పొంగుతుంది. చూడ్డానికి గొప్ప పని జరుగుతున్నట్టే ఉంటుంది. ఆ పొంగు కార్బన్ డయాక్సైడ్ వాయువు. అది పోయాక మిగిలేది చాలావరకు నీళ్లు, సోడియం ఎసిటేట్. బుడగల కదలిక కాస్త సాయపడవచ్చు గానీ, ఆమ్లమూ క్షారమూ ఒకదాన్నొకటి ఖర్చు చేసేసుకుంటాయి. సరిచూడాలంటే ఒకే మరకను మూడు భాగాలు చేయండి: ఒకచోట సోడా ముద్ద, ఒకచోట వెనిగర్, ఒకచోట రెండూ కలిపి. సమయం, రుద్దడం మూడింటికీ సమానంగా ఉండాలి. కుళాయి మీద పేరుకున్న తెల్లటి సున్నపు పొరకైతే వెనిగర్ ఒక్కటే చాలు, ఆ పొరను కరిగించేది ఆమ్లమే.

తెల్లబట్టల విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. కొన్ని డిటర్జెంట్లలోని మెరుపు పదార్థాలు అతినీలలోహిత కాంతిని పీల్చుకుని నీలి వెలుగుగా వదులుతాయి. పసుపుదనం కంటికి ఆనదు. తెల్లగా కనబడినంత మాత్రాన మురికి పోయిందనడానికి లేదు.

కాబట్టి నా ఓటు రెండో దారికే. ఒక్కచోట మాత్రం రెండు పరీక్షలూ పనికిరావు. బ్లీచ్‌లో ఆమ్లం కలిస్తే క్లోరిన్ వాయువు, అమ్మోనియా కలిస్తే క్లోరమైన్లు పుడతాయి. ఊపిరితిత్తులను దెబ్బతీసే వాయువులివి. "పోయినసారి కలిపితే ఏమీ కాలేదు" అనేది ఇక్కడ ఆధారమే కాదు, ఆ రోజు మోతాదు తక్కువో, కిటికీ తెరిచి ఉందో. ఇక్కడ లేబుల్ మీది నియమం నుంచి మన సీసాకు రావాలి తప్ప, సీసాతో నియమాన్ని పరీక్షించకూడదు. లేబుల్ ఊడిపోయిన సీసా ఉంటే, బ్లీచ్ వాసన రావడం లేదు కాబట్టి బ్లీచ్ కాదని తేల్చేయకండి, సువాసన కలిపినవీ ఉంటాయి. దాన్ని దేనితోనూ కలపకుండా, పిల్లలకు అందకుండా పక్కన పెట్టేయండి.