బెంగళూరు మారతహళ్ళి ల్యాబ్‌లో గుండెకి ‘మైక్రో ఆర్ఎన్ఏ’ ప్యాకేజీ: ఐదుకి రెండు స్టార్లు

నాన్న ఒంగోలు నుంచి వచ్చి నెల రోజులు మా దగ్గరే ఉన్నారు, పనిలో పనిగా గుండె పరీక్షలు కూడా చేయించేద్దామనుకున్నాను. మామూలు ప్యాకేజీ 1,800, మైక్రో ఆర్ఎన్ఏ కలిపితే 7,500. ల్యాబ్ పేరు రాయను, గొడవలొద్దు.

ఫోన్లో అమ్మాయి "నోబెల్ వచ్చిన టెస్ట్ సార్" అంది. 2024లో విక్టర్ ఆంబ్రోస్‌కి, గ్యారీ రవ్‌కన్‌కి నోబెల్ వచ్చిన మాట నిజమే, కానీ అది 1993లో మిల్లీమీటరు పొడవుండే ఓ పురుగులో వాళ్ళు కనిపెట్టిన సంగతికి, ఈ ప్యాకేజీకి కాదు. ప్రోటీన్ తయారీకి ఆర్డరు మోసుకెళ్ళే మెసెంజర్ ఆర్ఎన్ఏకి ఇరవై రెండు అక్షరాల ఈ మైక్రో ఆర్ఎన్ఏ అనే బుల్లి ముక్క అతుక్కుని ఆ తయారీని తగ్గించేస్తుంది, అంతే. గుండెలో దీనికి పెద్ద పనే ఉంది. మిర్-208 అనే మైక్రో ఆర్ఎన్ఏ లేని ఎలుకల గుండె మీద ఒత్తిడి పెట్టినా కండరం మందం కాలేదని 2007లోనే చూశారు. గుండెపోటులో కండరం చచ్చిపోతే ఇలాంటివి రక్తంలోకి కారతాయి కూడా. అయితే ఆ కబురు చెప్పడానికి చవగ్గా దొరికే ట్రోపోనిన్ టెస్ట్ ఎప్పటినుంచో ఉంది కదా.

అసలు కథ శాంపిల్ దగ్గర. వచ్చిన కుర్రాడు ఆకుపచ్చ మూత ట్యూబ్ తీశాడు. అందులో ఉండే, రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ మైక్రో ఆర్ఎన్ఏని లెక్కపెట్టే పీసీఆర్‌ని పాడుచేస్తుంది, నేను నాలుగేళ్ళు ఆ మెషీన్ ముందు కూర్చున్నవాణ్ణి కాబట్టి పట్టుకున్నాను, లేకపోతే ఎవరికి తెలుస్తుంది? "తమ్ముడూ, ఊదా మూతది లేదా?" అంటే "అది సీబీసీకి అన్నా, ఇది స్పెషల్" అన్నాడు. ఆఫీసుకి ఫోన్ చేసి మార్చాడులెండి. తర్వాత ఐస్ ప్యాక్ లేని బ్యాగులో పెట్టుకుని బండి మీద ఇంకో నాలుగిళ్ళు తిరగడానికి వెళ్ళాడు. ఎర్రకణాలు పగిలితే వాటిలోని మిర్-451 బయటికొచ్చి లెక్క మొత్తం తారుమారవుతుంది.

రిపోర్ట్ పన్నెండు పేజీలు, రంగుల మీటరు, ముల్లు "మీడియం రిస్క్" దగ్గర. ఎవరితో పోల్చి మీడియం అన్నారో, ఎందరి రక్తం చూసి ఆ గీత గీశారో ఎక్కడా లేదు. కార్డియాలజిస్ట్ గారు ఆ పేజీలన్నీ తిప్పేసి ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 168 దగ్గర ఆగారు, దాన్ని తగ్గించే స్టాటిన్ మాత్ర రాశారు. ఆ 168 మామూలు ప్యాకేజీలోనే ఉంది! బుల్లి ఆర్ఎన్ఏతో నిజంగా పనిచేసే మందు ఉందిగా అని నేను ఇంక్లిసిరాన్ సంగతి ఎత్తాను. అది మైక్రో ఆర్ఎన్ఏ కాదు, దాని చుట్టం ఎస్ఐఆర్ఎన్ఏ. లివర్‌లో, ఎల్‌డీఎల్‌ని రక్తంలోనే నిలిపేసే పీసీఎస్‌కే9 అనే ప్రోటీన్ తయారీని ఆపి ఎల్‌డీఎల్‌ని దాదాపు సగానికి దించుతుంది, మొదటి రెండు డోసుల తర్వాత ఆర్నెల్లకో ఇంజెక్షన్. "ముందు రోజూ మాత్ర వేసుకోమనండి మీ నాన్నగారిని" అన్నారాయన.

ఒక స్టారు ఆ కుర్రాడికి, ఆరున్నరకల్లా వచ్చాడు, సూది గుచ్చినట్టే తెలియలేదని నాన్న మెచ్చుకున్నారు. ఇంకోటి మామూలు ప్యాకేజీకి. మిగతా 5,700 వెనక్కివ్వమంటే థైరాయిడ్ టెస్ట్ ఫ్రీ అని కూపన్ పంపారు.