ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కడుందో చెప్పడానికి టూ-వే రేంజింగ్ మేలా, టీడీఓఏ మేలా?

గోడౌన్‌లో తిరిగే ఫోర్క్‌లిఫ్ట్ ఏ వరుసలో ఉందో తెలుసుకోవడానికి యూడబ్ల్యూబీ (అల్ట్రా వైడ్‌బ్యాండ్, అతి చిన్న రేడియో పల్సులు వాడే పద్ధతి) ట్యాగ్ పెడదామనుకునేవాళ్లు ముందు ఒక్క లెక్క గుర్తుంచుకోండి: రేడియో సిగ్నల్ 1 నానోసెకనులో సుమారు 30 సెంటీమీటర్లు పోతుంది. అంటే ఇక్కడ దూరం కొలవడమంటే టైము కొలవడమే, క్లాకు తప్పితే చోటు తప్పినట్టే.

టూ-వే రేంజింగ్‌లో ట్యాగ్ పిలుస్తుంది, గోడ మీది యాంకర్ (కదలకుండా బిగించిన, చోటు ముందే తెలిసిన రేడియో పెట్టె) పలుకుతుంది, వెళ్లొచ్చిన టైములోంచి యాంకర్ ఆగిన టైము తీసేసి సగం చేస్తే దూరం వచ్చేస్తుంది. క్లాకులు ఒకదానితో ఒకటి కలిసి నడవాల్సిన పనే లేదు, నాకు ఇందులో బాగా నచ్చింది అదే. కాకపోతే ఒక్క పిలుపు, ఒక్క జవాబుతో సరిపెట్టకండి. క్లాకుల్ని నడిపే రెండు క్రిస్టళ్ల వేగంలో 20 పీపీఎం (పది లక్షల్లో 20 వంతుల) తేడా ఉండి, జవాబుకి 1 మిల్లీసెకను పట్టిందంటే 3 మీటర్లు తప్పు చూపిస్తుంది, అంటే బండి పక్క వరుసలో ఉన్నట్టు! మూడో మెసేజ్ కూడా వాడే డబుల్ సైడెడ్ పద్ధతిలో ఆ తప్పు దాదాపు కొట్టుకుపోతుంది.

ఇబ్బందల్లా రద్దీతోనే. 50 ట్యాగులు, 4 యాంకర్లు, సెకనుకి 10 సార్లు, ప్రతిసారీ 3 మెసేజ్‌లు: మొత్తం 6,000. ఒక్కోటి 0.2 మిల్లీసెకన్లే అనుకున్నా 1.2 సెకన్లు కావాలి, మన దగ్గరున్నది ఒక్క సెకను.

టీడీఓఏలో (టైమ్ డిఫరెన్స్ ఆఫ్ అరైవల్) ట్యాగ్ ఒక్కసారి కూత పెట్టి నిద్రపోతుంది, అది ఒక్కో యాంకర్‌కి చేరిన టైముల మధ్య తేడా బట్టి చోటు లెక్కగడతారు, అవే 50 ట్యాగులకి 500 మెసేజ్‌లు చాలు, బ్యాటరీ కూడా చాలాకాలం వస్తుంది. పైగా కదిలే బండిని ఒకే క్షణంలో పట్టుకుంటుంది. టూ-వేలో నాలుగు యాంకర్లనీ వరసగా అడిగేసరికి 20 మిల్లీసెకన్లు పడితే, సెకనుకి 3 మీటర్లు పోయే బండి ఈలోగా 6 సెంటీమీటర్లు జరిగిపోతుంది. కానీ బరువంతా యాంకర్ల మీద పడుతుంది, వాటి క్లాకులు నానోసెకను లోపు కలిసుండాలి. రెండింటి మధ్య 1 పీపీఎం తేడాని పట్టించుకోకపోతే 100 మిల్లీసెకన్లలోనే 30 మీటర్లు తేడా వస్తుంది. అందుకే మాస్టర్ యాంకర్ పదేపదే సింక్ పంపాలి, మిగతావి క్లాకు ఎంత వేగంగా జారుతోందో కూడా లెక్కగట్టుకుంటూ ఉండాలి. ఇంకొకటి, యాంకర్లు గీసిన హద్దు దాటి బండి బయటికెళ్తే టీడీఓఏ లెక్క బాగా చెడుతుంది, టూ-వే అంతగా చెడదు.

పది పదిహేను బళ్లుంటే నేనైతే కళ్లు మూసుకుని డబుల్ సైడెడ్ టూ-వే పెడతాను. ట్యాగులు వందల్లో ఉంటే టీడీఓఏ తప్ప దారి లేదు, అప్పుడు మాత్రం మాస్టర్‌కీ మిగతా యాంకర్లకీ మధ్య ఇనుప ర్యాక్ అడ్డం రాకుండా పైకప్పు దగ్గర బిగించండి.